సుభాష్ సమాధిలో నూనె

నవంబరు రెండు, సమాధుల పండగ. రాజోలు దాటి సముద్రం వైపు పోతే చిట్టచివర ఉంటుంది ఆ ఊరు. ఊరి చివర కొబ్బరితోట, తోట చివర సమాధులు, ఆ తర్వాత ఇక నీళ్ళే. సాయంత్రం నాలుగింటికే జనం సున్నం బక్కెట్లు, బంతిపూలు, కొవ్వొత్తుల పొట్లాలు పట్టుకుని వచ్చేసేరు. పిల్లలు అమ్మమ్మల సమాధుల మీద కూర్చుని జంతికలు నవుల్తున్నారు. ఇది ఏడ్చే పండగ కాదు. పోయినోళ్ళని ఏడాదికోసారి పలకరించే పండగ.

ఝాన్సీ మొగుడి సమాధికి సున్నం కొడుతోంది. ఆ సమాధిలో మొగుడు లేడు. సుభాష్ సముద్రంలో పోయి పదకొండు నెలలైంది, శవం దొరకలేదు. దొరక్కపోతే ఆ మనిషి చొక్కానీ, ఇంట్లో ఉన్న విసురువలనీ శవప్పెట్టెలో పెట్టి పాతి, ప్రార్థన చేయిస్తారక్కడ. పెట్టె దించుతుంటే వల అంచున ఉన్న సీసపు గుళ్ళు గలగలమన్నాయి. ఆ చప్పుడుకే ఝాన్సీ ఆ రోజు నిలువునా కూలిపోయింది.

ఎలా పోయేడంటారా? నూనె కంపెనీ పుణ్యమా అని పోయేడు. ఒడ్డున నిలబడి చూస్తే కనిపిస్తూనే ఉంటుంది, నీళ్ళలో నాలుగు కాళ్ళ మీద నిలబడి సముద్రం అడుగునించి నూనె తోడే రిగ్గు. అది వచ్చింది, ఒడ్డున చేప పోయింది. ఉన్న కాస్త చేపా దాని దీపాలకి ఆశపడి దాని కాళ్ళ కిందే చేరుతోంది. అక్కడికేమో పడవ పోకూడదట! చేపని వాళ్ళ దగ్గర కట్టేసుకుని మనల్ని పస్తుండమనడం ఎక్కడి న్యాయమండీ? ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి సుభాష్ పోయేడు. పడవ మటుకు తిరిగొచ్చింది, నిండా నల్లటి జిడ్డుతో. ‘మా దగ్గర చుక్క కారలేదు, ఆయన మా దరిదాపులకే రాలేదు’ అన్నారు కంపెనీవాళ్ళు. వాళ్ళ నోళ్ళు పడిపోను!

తెల్లారితే ఊళ్ళో మీటింగు. రెండో రిగ్గు పెట్టొచ్చా అని జనాన్ని అడుగుతారట. ఆలోగా ఝాన్సీ ఓ కాయితం మీద సంతకం పెట్టాలి. తన మొగుడు తాగి, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడి పోయేడని. అప్పుడు రిగ్గు దగ్గర ప్రమాదమే లేదు, రెండోదానికి అడ్డే లేదు.

“పెట్టెయ్యమ్మా,” అన్నాడు సాలమోను పక్కన నిలబడి. సుభాష్‌కి సొంత పెదనాన్న, చేపలవేటకి పోయేవాళ్ళ సంఘానికి పెద్ద. “పెడితే సముద్రానికి అడ్డంగా రాళ్ళగోడ కట్టిస్తామన్నారు. నిరుడు రెండు వరసల సమాధులు కొట్టుకుపోయేయి. ఇప్పుడు మీ అమ్మ సమాధే ముందు వరస. పోయినోడు ఎలాగూ రాడు, ఉన్న సమాధులన్నా మిగలనీ.”

“పోయినోడు మీ తమ్ముడి కొడుకండీ, మావయ్యగారూ.”

“ఆయ్, కాదన్నానా?”

ఝాన్సీ తన అమ్మ సమాధి వైపు చూసింది. అల వచ్చి దాని పాదాల దగ్గర ఇసక లాక్కుపోతోంది. అందుకే పొద్దున్న సరేనంది. అన్నప్పట్నించీ తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది. అమ్మని కాపాడుకోవాలంటే మొగుణ్ణి తాగుబోతుని చెయ్యాలి. ఏం బేరమండీ ఇది!

సున్నం నిలవడం లేదు. కొట్టిన చోటల్లా గోధుమరంగు మరక పైకి ఊరుతోంది. తుడిచింది. మళ్ళీ ఊరింది. వాసన చూస్తే కిరసనాయిల్లా ఉంది, దానడుగున కుళ్ళిన చేప కంపు.

“చెమ్మలే అమ్మాయ్,” అన్నాడు సాలమోను, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుంటూనే.

పొద్దు గూకింది. కొవ్వొత్తులు వెలిగించేరు. సముద్రపు గాలికి ఒకటి వెలిగిస్తే రెండు ఆరిపోతున్నాయి. సుభాష్ సమాధి మీదది మటుకు వణకలేదు. నీలంగా, నిటారుగా మండుతోంది.

అప్పుడొచ్చేడు కంపెనీ మనిషి మురళీమోహన్. “నమస్కారమండీ. పండగపూట ఇబ్బంది పెడుతున్నాను, ఒక్క సంతకం అంతేనండి,” అంటూ కాయితం సమాధి మీదే పరిచేడు. ఎగిరిపోకుండా దాని అంచు మీద బూటుకాలు పెట్టేడు.

“కాలు తియ్యండి,” అంది ఝాన్సీ.

“సారీ అండి, గాలి...”

“కాలు తియ్యమన్నాను!”

తియ్యలేదు. కిందనించి కాయితం తడుస్తోంది. అక్షరాలు ఒక్కొక్కటే జిడ్డులో మునిగిపోతున్నాయి. అంతలో...

గల్... గల్... గల్...

సమాధి లోపల్నించి.

వేటకి పోయేవాడి పెళ్ళానికి ఆ చప్పుడు ఒకరు చెప్పక్కర్లేదు. వల విసిరేముందు గుళ్ళు పోగుచేసి, మడత మీద మడత మోచేతికి వేసుకుంటాడు మగాడు. మడతలయ్యేక ఒక్క క్షణం చప్పుడుండదు. ఆ తర్వాతే విసురు.

“మావయ్యగారూ... వింటున్నారా?”

“ఆ... ఆయ్...”

గల్... గల్...

చప్పుడాగింది.

తోటంతా కొవ్వొత్తులు ఒక్కసారే ఆరిపోయేయి. ఏదో పెద్దది గాల్లో విచ్చుకున్న చప్పుడు. మురళీమోహన్ ‘అమ్మా’ అనబోయేడు. సగమే వినబడింది.

ఝాన్సీ సెల్లు వెలుగు వేసింది. సమాధి మీద నల్లబడ్డ కాయితం ఉంది. ఒక బూటు ఉంది. మనిషి లేడు.

జనం పిల్లల్ని చంకనేసుకుని ఊళ్ళోకి పరిగెత్తేరు. ఝాన్సీ ఆ కాయితం తీసుకుని, ఎవరుంటే వాళ్ళ మొహాన కొడదామని, తోట అవతల ఆగి ఉన్న కంపెనీ కారు దగ్గరికి నడిచింది. వెనకాలే సాలమోను.

మురళీమోహన్ కారులోనే ఉన్నాడు. తలుపులన్నీ లోపల గడియ. పీకదాకా నల్లటి నీళ్ళు. అద్దం వేలెడు సందు తీసి ఉంది. కారు కింద ఇసక మటుకు పొడిగానే ఉంది.

“ఇదిగో మీ కాయితం!” ఝాన్సీ ఆ సందులో కుక్కింది. “సంతకం పెట్టను. మా ఆయన్ని ఏది మింగిందో రేపు ఊరందరి ముందూ చెబుతాను. మా అమ్మ ఎముకలు సముద్రంలో కలిసినా సరే, చెబుతాను!”

“అమ్మాయ్, గోడ...” అన్నాడు సాలమోను.

మురళీమోహన్ మెల్లిగా తల తిప్పేడు.

“మీ ఆయన చూపించేడండి,” అన్నాడు గుసగుసగా, ఎప్పట్లాగే మర్యాదగా. “కిందికి తీసికెళ్ళి... రిగ్గు కాళ్ళ దగ్గర... వలలో తొమ్మిది మంది ఉన్నారండి.”

“ఎవరండీ?” అన్నాడు సాలమోను.

“మీరూ ఉన్నారు కదండీ. రేపు మీటింగులో మావాళ్ళు మీకు వెయ్యబోయే దండ... అప్పుడే మెళ్ళో ఉంది.”

సాలమోను చెయ్యి మెడ మీదికి పోయింది. మెడలో ఏమీ లేదు. వేళ్ళు మాత్రం నల్లటి తడితో వచ్చేయి.