మాస్టారి చెయ్యి దిగేదాకా

వాన వెలిసిన సాయంత్రం, పిల్లలంతా వెళ్ళిపోయాక, స్కూలు వరండా ఎంత అందంగా ఉంటుందో నాకు చెప్పడం చేతకాదు. చూరు నుంచి చుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. తడి గోడల మీద లేత పసుపు వెలుగు. గొడుగు ముడుచుకుంటూ, క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకుని నడిచాను. వరండా చివర బ్యాండు గది. తలుపు తియ్యగానే అదే వాసన. ఇత్తడి పాలిష్, పాత చెక్క, మాస్టారు ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే దగ్గుబిళ్ళల ఘాటు.

మాస్టారు పోయి నెల దాటింది. ఘాటు మాత్రం పోలేదు.

మా బ్యాండు మాస్టారు చండశాసనుడు. ఆయన కళ్ళెర్రజేస్తే డ్రమ్ము కూడా నోరు మూసుకునేది. అన్నిటికంటే కఠినమైనది ఆఖరి స్వరం దగ్గర ఆయన పెట్టిన పద్ధతి. పాట ఆగిపోయాక కూడా ఆయన కుడిచెయ్యి గాలిలోనే ఉండేది. ఆ చెయ్యి పిడికిలి ముడిచి కిందికి దిగేదాకా ఎవ్వరూ వాయిద్యం పెదాల మీంచి తియ్యకూడదు. కదలకూడదు. దగ్గకూడదు.

"చప్పుడు ఆగితే పాట అయిపోయినట్టు కాదు. నేను అయిపోయిందంటేనే అయిపోయినట్టు," అనేవారు.

ఎవరైనా కదిలారో, తాళం చూపే పుల్లతో ఆయన ముందున్న స్టాండు మీద తక్, తక్. ఆ తర్వాత ఒకటే మాట. "మళ్ళీ. మొదటి నుంచి."

స్కూలు వదిలేసి ఏళ్ళయినా ఆ చెయ్యి మమ్మల్ని వదల్లేదు. నేను బట్టల కొట్టులో పనిచేస్తాను. చొక్కా మడత పెట్టేశాక కూడా నా చేతులు కాసేపు దాని మీదే ఉండిపోతాయి. "ఏంటమ్మా, చొక్కాని జోకొడుతున్నావా?" అని మా ఓనరు ఎగతాళి చేస్తాడు. మా నాన్న పోయినప్పుడు ఇల్లంతా గొల్లుమంది. నేను ఏడవలేదు. ఎవరో చెయ్యి దించుతారు, అప్పుడు ఏడవొచ్చు అన్నట్టు నిలబడిపోయాను. "రాతిగుండె పిల్ల," అంది పెద్దమ్మ. ఇప్పటికీ ఆ ఏడుపు గొంతులోనే ఉంది.

గదిలో అప్పటికే పాతవాళ్ళు చాలామంది చేరారు. డ్రమ్ము వాయించే బండ గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. వాడి పక్కన బూర. బూర అంటే మా ట్రంపెట్టు. కరెంటు పని చేస్తాడు. వచ్చే నెలలో నాకు మొగుడు కావలసినవాడు. అతను నవ్వితే ఎడమ బుగ్గ మీద పడే చిన్న గీతని చూస్తూ ఒక జన్మ గడిపెయ్యొచ్చు అనుకునేదాన్ని.

"ఒరేయ్ బూరా, ఊపిరంతా ఇక్కడే ఊదెయ్యకు. రేపు మీ ఆవిడతో వాదించడానికి కాస్త దాచుకోరా," అన్నాడు బండ.

"దానితో వాదించి గెలిచినవాడెవడురా?" అన్నాడు బూర. అని దగ్గాడు.

ఆ దగ్గు వింటే నా ప్రాణం ఉసూరుమంటుంది. పోయిన చలికాలంలో ఊపిరితిత్తులకి జబ్బు చేసి చావు తప్పి బయటపడ్డాడు. బెలూను కూడా ఊదొద్దు అన్నాడు డాక్టరు.

మాస్టారి భార్య తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. మమ్మల్ని పిలిపించింది ఆవిడే.

"ఆస్పత్రిలో ఆఖరి నిమిషంలో చెయ్యి ఎత్తారు," అన్నారు చాలా నెమ్మదిగా. "మీకు ఎత్తినట్టే. మరి దించలేదు. నేను లాగాను, నర్సమ్మ లాగింది... దిగలేదు తల్లీ. అలాగే పంపించేశాం. మీరొక్కసారి ఆయన పాట వాయిస్తే... దించుతారేమో."

ఎవరి కుర్చీలో వాళ్ళం కూర్చున్నాం. బూర నా పక్కనే.

"నువ్వు ఊదకు," అతని చెవిలో అన్నాను. "ఊరికే పెదాలకి ఆనించు చాలు."

"మాస్టారికి తెలిసిపోతుంది పిచ్చీ."

"ఆయన లేరుగా!"

"అందుకే మరీ భయం," అని నవ్వాడు. బుగ్గ మీద గీత పడింది. నేనది చూడ్డం అదే ఆఖరు.

మొదలుపెట్టాం. బయట మళ్ళీ చినుకులు. మాస్టారి స్టాండు ఖాళీగా ఉంది, దాని మీద ఆయన పుల్ల అడ్డంగా పెట్టి ఉంది. పాట సగంలో ట్రంపెట్టు ఒక్కసారిగా పైకెక్కే చోటు ఒకటుంది. చిన్నప్పటి నుంచీ బూర అక్కడ జారేవాడు. ఎన్ని తిట్లు తిన్నా జారేవాడు. ఆ రోజూ జారాడు. బండ కిసుక్కున నవ్వాడు.

అంతలో కరెంటు పోయింది.

మేం ఆగలేదు. చీకట్లో వేళ్ళకి దారి తెలుసు. పాట దాని మానాన అది చివరికి వచ్చింది. ఆఖరి స్వరం... సన్నగా... ఆగిపోయింది.

ఎవ్వరం కదల్లేదు.

కిటికీలో ఇంకా కాస్త బూడిదరంగు వెలుగు ఉంది. ఆ వెలుగులో, స్టాండు వెనక... ఒక తెల్లటి చొక్కా చెయ్యి. గాలిలో ఎత్తి ఉంది. మనిషి కనపడ్డం లేదు. దగ్గుబిళ్ళల ఘాటు ముక్కుపుటాలు మండేంతగా పెరిగింది.

నా చేతులు నా మాట వినలేదు. క్లారినెట్ పెదాలకి అతుక్కుపోయింది.

అప్పుడు వినిపించింది. పక్కన బూర గుండెల్లో గరగర. దగ్గు తన్నుకొస్తోంది. బిగబట్టుకుంటున్నాడు. చెయ్యి దిగలేదు కదా... దగ్గకూడదు కదా. గరగర పెరిగింది. కుర్చీ వణుకుతోంది. ఊపిరి తీసుకోడేం? తీసుకో... తీసుకోవయ్యా...

చెయ్యి దిగడం లేదు.

నా బలమంతా కూడదీసుకున్నాను. ఒక్క ఉదుటున అతని పెదాల మీంచి ట్రంపెట్టు లాగేశాను. నా ఒళ్ళో పడింది.

తక్. తక్.

ఎవరూ ఏమీ అనలేదు. అనక్కర్లేదు. గదిలో అందరం వాయించడానికి ఒక్కసారే ఊపిరి తీసుకున్నాం. మళ్ళీ. మొదటి నుంచి.

వద్దు అని అరవాలనుకున్నాను. నోట్లో క్లారినెట్ ఉంది. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. చీకట్లో బూర తల నెమ్మదిగా నా భుజం మీద వాలింది. దగ్గు లేదు. గరగర లేదు. హమ్మయ్య, తేలికపడ్డాడు అనుకున్నాను. అంత భయంలోనూ, నిజం చెప్తున్నాను, నా మనసు పువ్వులా అయిపోయింది.

ట్రంపెట్టు పైకెక్కే చోటు వచ్చింది.

జారలేదు.

ఎంత తియ్యగా ఎక్కిందో! ఏనాడూ రానిది వచ్చింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. విన్నారా మాస్టారూ, మా బూర విన్నారా... అనుకున్నాను. ట్రంపెట్టు వాయించేవాడు తల నా భుజం మీద ఎలా వాల్చగలడని నాకు తట్టనే లేదు.

ఆఖరి స్వరం ఆగుతూ ఉండగా కరెంటు వచ్చింది.

స్టాండు వెనక ఎవరూ లేరు. పుల్ల అడ్డంగానే ఉంది. బండ నా వైపు చూస్తున్నాడు. వాడి పెద్ద మొహం చిన్నపిల్లాడి మొహంలా వంకర్లు పోయింది. చూపు నా భుజం మీంచి నా ఒళ్ళోకి దిగింది.

ట్రంపెట్టు నా ఒళ్ళోనే ఉంది. చల్లగా.

బూర నా భుజం మీద అలాగే వాలి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"దించారా?" తలుపు దగ్గర్నుంచి అడిగారు ఆవిడ. "అమ్మా, మీరెవరైనా చూశారా? దించారా?"

ఎవరూ చూడలేదు.

అతన్ని సాగనంపిన రోజు కూడా నేను ఏడవలేదు. ఇప్పుడెవరూ రాతిగుండె అనడం లేదు. నా మొహం చూసి పక్కకి తప్పుకుంటున్నారు.

అమ్మ నా పక్కనే పడుకుంటోంది. మొన్న పొద్దున్నే అంది, "నిద్దట్లో నీ కుడిచెయ్యి పైకి లేస్తోందే. ఎంత లాగినా దిగట్లేదు. డాక్టరుకి చూపిద్దామా?"

నిన్న నాకే మెలకువ వచ్చింది. చెయ్యి పైకెత్తి ఉంది. నాది కానట్టు బరువుగా, చల్లగా ఉంది. పిడికిలి ముడిచి దించేద్దామనుకున్నాను. వేళ్ళు నా మాట విన్నాయి. ముడిస్తే ముడుచుకునేవే.

అప్పుడు మంచం కాళ్ళ వైపు చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారని తెలిసింది. ఒక్కరు కాదు. వాళ్ళలో ఒకరి గుండెల్లో సన్నగా గరగర.

పిడికిలి ముడిస్తే అయిపోతుంది. అతను కూడా అయిపోతాడు.

నేను ముడవలేదు. తెల్లారేదాకా చెయ్యి అలాగే ఎత్తి పట్టుకున్నాను.

తెల్లారాక చూస్తే, నా నైటీ కుడిచేతి అంచున దగ్గుబిళ్ళ ఒకటి అంటుకుని ఉంది. సగం చప్పరించి ఉంది. ఇంకా తడిగా ఉంది.