అరగంట నమ్మకం

"ఎవరినడిగి పీకారు?"

"ఎవరినడిగి వదిలేసి వెళ్ళారు?"

ఇద్దరి మధ్యా ఒక టేబుల్. టేబుల్ మీద ప్లగ్గు ఊడిన పాత కంప్యూటర్.

ఆమె తన మావయ్య పెట్టిన కంప్యూటర్ ల్యాబ్‌ను చూసుకుంటుంది. అతను పక్కగదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నెట్‌వర్కింగ్ నేర్చుకుంటానని మావయ్యను బతిమాలి, ఆ పాత డబ్బాను ల్యాబ్ మూలన పెట్టుకున్నాడు. నిన్న దాన్ని ఆపడం మరిచిపోయాడు. అది నెట్ అందించే అసలు రౌటర్‌కు పోటీగా, "దారి నేనే, నా వెంట రండి" అని కంప్యూటర్లన్నిటికీ చాటింపు వేసింది. దాని వెంట వెళ్తే ఎదురుగా గోడే! నెట్ ఆగిపోవడంతో ఆమె దాని ప్లగ్గు పీకేసింది.

పది గంటలకు ముప్పై మందికి ఆన్‌లైన్ పరీక్ష. ఇప్పుడు పావుతక్కువ పది. ఇది చెడితే ల్యాబ్ మూసేస్తానని మావయ్య పొద్దున్నే తేల్చి చెప్పాడు.

"పీకేశాను కదా, ఇంకా నెట్ రాదేం?" అంది ఆమె.

"పద్ధతిగా ఆపితే, 'ఇక నన్ను నమ్ముకోకండి' అని అదే అందరికీ చెప్పి పోతుంది. మీరేమో పీక నొక్కేశారు! పాపం, ఇవన్నీ అరగంట దాకా దాన్నే నమ్ముకుని కూర్చుంటాయి."

"అరగంటా!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఏడవకండి. మళ్ళీ ఆన్ చేసి, ఈసారి మర్యాదగా సాగనంపుదాం."

ప్లగ్గు పెట్టాడు. డబ్బా మూలిగింది.

"మా బామ్మ కూడా ఇలాగే లేస్తుంది" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"మూడు నెలల్లో మీరు నాతో ఇన్ని మాటలు మాట్లాడటం ఇవాళే" అన్నాడతను.

"తిట్లు కూడా మాటలేనా?"

"నాకు అవే ఎక్కువ."

ఆమె తల వంచుకుని తెర వైపే చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తెర వెలిగింది. అతను ఆ చాటింపు వేసే సర్వీసును మళ్ళీ నడిపించి, ఆపమనే ఆజ్ఞ టైపు చేసి, కీబోర్డు ఆమె వైపు జరిపాడు. "మీరే నొక్కండి."

నొక్కింది. మొదటి వరుసలో పరీక్ష పేజీ తెరుచుకుంది. తర్వాత రెండో వరుస. చూస్తుండగానే ముప్పై తెరలూ వెలిగాయి. పదికి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

పరీక్ష ముగిశాక సంగతి తెలిసి మావయ్య ఊగిపోతూ వచ్చాడు.

"నువ్వూ, నీ డబ్బా! రేపట్నుంచి ఈ గడప తొక్కావంటే చూడు!"

అతను వైర్లు చుట్టుకోసాగాడు.

"మావయ్యా, ఆయన రాకపోతే నేనూ రాను."

మావయ్య కళ్ళజోడు ముక్కు మీదకు జారింది.

"ఆయనా? నిన్నటిదాకా 'పక్కగది అబ్బాయి' కదే!"

ఆమె కళ్ళెత్తలేదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు.

అతని చేతిలోని వైర్లు జారి కింద పడ్డాయి. "నేనే... ముందు నేనే చెప్పాలనుకున్నానండీ. ధైర్యం చాల్లేదు."

మావయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మీసాల చాటున నవ్వు దాగలేదు.

"సరే, ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా. ఆ డబ్బాను మాత్రం తేకు!"