ఆకాశంలో బావగారి చెవినొప్పి

"మీ బావని చంపాల్సి రావచ్చు" అన్నాడు పెద్దాయన, టీ కప్పు కింద పెడుతూ.

డ్రై క్లీనింగ్ షాపు మీద ఉన్న గది అది. కింద ఇస్త్రీ యంత్రాలు బుస్సుమన్నప్పుడల్లా అరికాళ్ళకి వెచ్చగా తగిలేది. ఆ చప్పుడులో మాట బయటికి పోదని డిపార్ట్‌మెంట్ దాన్ని అద్దెకి తీసుకుంది.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'భక్తుడు' అంటారు. ఏ పని మొదలుపెట్టినా ముందు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం పెదాలు కదిలిస్తాడు. ఇంట్లోవాళ్ళకి మాత్రం అతను ఊరూరా తిరిగి వాటర్ ఫిల్టర్లు అమ్మే సేల్స్‌మేన్.

"మా అక్క మొగుడినా సార్?"

"ఆయన్నే. మన సైన్యం వాడే సీక్రెట్ కోడ్ ఆయన బుర్రలో పుట్టింది. దాని తాళంచెవి కూడా ఆ బుర్రలోనే ఉంది. పరాయి ముఠా ఒకటి విదేశీ యూనివర్సిటీలో సన్మానమని ఆశపెట్టి ఆయన్ని సరిహద్దు దాటించేసింది. పాపం, కొత్త సూటు కుట్టించుకుని మరీ వెళ్ళాడు."

భక్తుడు నిట్టూర్చాడు. "సన్మానమంటే మా బావ చెవి కోసుకుంటాడు సార్."

"ఇప్పుడు ఆయన్ని సముద్రం అవతలికి చేర్చాలి వాళ్ళు. మామూలు విమానమైతే అందరి కళ్ళూ పడతాయి. అందుకని ఒక ప్రైవేట్ జెట్‌ని పూర్తిగా అద్దెకి మాట్లాడుకున్నారు. సూపర్ మిడ్‌సైజ్, అంటే మధ్యరకం కంటే కాస్త పెద్దది. అంతకంటే చిన్నదైతే మధ్యలో ఆగకుండా సముద్రం దాటలేదు. పెద్దదైతే వాళ్ళున్న ఊళ్ళో రన్‌వే చాలదు."

"అంటే ఎక్కారంటే దిగేది వాళ్ళ గడ్డ మీదే."

"అక్కడే ఒక మెలిక ఉంది." పెద్దాయన కప్పు సాసర్ మీద నుంచి తీసి, సాసరే సముద్రమన్నట్టు దాని మధ్యలో చెంచా పెట్టాడు. "ఒక్క గుక్కలో దాటేది మనుషులు, సామాను తక్కువున్నప్పుడే. బరువు పెరిగితే ఫ్యూయల్ తగ్గించి నింపుకోవాలి. అప్పుడు ఇదిగో, ఈ చెంచా ఉన్నచోట, ఒక దీవిలో దిగి మళ్ళీ నింపుకోక తప్పదు. ఆ దీవి మనకి మిత్రదేశం. నేను అక్కడే ఉంటాను. ముఠా నాయకుడి సెక్రటరీ మన మనిషి. కోడ్ నేమ్ నెమలి. బండరాళ్ళలాంటి సూట్‌కేసులతో వస్తుంది."

"నమ్మొచ్చా సార్?"

"రెండు వైపులా పనిచేసే మనిషిని ఎంత నమ్మాలో అంత. నువ్వు ఆ విమానంలో స్టీవార్డ్‌వి. 'కిటికీ తెర దించమంటారా?' అని ఆమెని అడుగు. 'వద్దు, మబ్బులు చూడాలి' అంటే మనతో ఉన్నట్టు. ఇంకేమన్నా అంటే లేనట్టు."

తర్వాత పెద్దాయన జేబులోంచి ఒక నల్ల పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని చూస్తూనే మాట్లాడాడు.

"ఇది రాయదు. క్యాప్ తిప్పితే విషం సూది వస్తుంది. దీవి దాటిపోయి, ఆయన వాళ్ళ చేతికి చిక్కడం ఖాయమని తేలితే... వాళ్ళు ఆయన నోరు తెరిపిస్తారు. అప్పుడు మన కుర్రాళ్ళు ఎంతమంది పోతారో నాకూ తెలీదు. వేరేవాళ్ళని పంపగలిగితే పంపేవాణ్ణి. స్టీవార్డ్ పని వచ్చినవాడివి నువ్వొక్కడివే."

భక్తుడు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే అక్క గుర్తొచ్చింది. పైవాళ్ళ మాట వినడం ధర్మం. అక్క సంసారం కాపాడడమూ ధర్మమే. రెండూ ఎదురుపడితే ఏది పక్కకి జరగాలో దేవుడు ఎక్కడా తేల్చి చెప్పినట్టు అతనికి జ్ఞాపకం రాలేదు.

* * *

ప్రైవేట్ టెర్మినల్ డాక్టరు గారి వెయిటింగ్ రూమ్ కంటే పెద్దదేం కాదు. రెండు సోఫాలు, ఒక కాఫీ మెషీన్, అద్దాల తలుపు. ఆ తలుపు అవతల మధ్యాహ్నపు ఎండలో తెల్లగా జెట్ మెరుస్తోంది. మీసం తీసేసి, జుట్టుకి నెరిసినట్టు రంగు వేసుకుని, సోడాబుడ్డి కళ్ళద్దాలతో భక్తుడు విమానం మెట్ల దగ్గర నిలబడ్డాడు.

ముందు ముఠా నాయకుడు వచ్చాడు. చేతులకి తెల్ల గ్లవ్స్. షేక్‌హ్యాండ్ ఇచ్చినా, ఎవరి ప్రాణం తీసినా అవి తియ్యడని చెప్పుకుంటారు. వెనక గుమ్మానికి అడ్డంగా సరిపోయే బాడీగార్డ్. వాడి పక్కన కొత్త సూటులో బావ. తర్వాత నెమలి. ఆకుపచ్చ గౌను, ఎత్తుగా ముడిచిన జుట్టులో పొడవాటి వెండి పిన్ను. ఆమె వెనక బండి మీద సూట్‌కేసుల గుట్ట.

కెప్టెన్ ఆ గుట్టని చూసి తల గోక్కున్నాడు. "ఇవన్నీ ఎక్కిస్తే ఫుల్ ట్యాంక్ కుదరదు సార్. దారిలో దీవిలో ఒకసారి దిగాల్సొస్తుంది."

"నాన్‌స్టాప్ అని చెప్పే కదా ఇచ్చారు?"

"మీరు ఇంతే మంది, చేతిలో తలో బ్యాగు అయితే నాన్‌స్టాపే. బ్రోషర్‌లో చిన్నక్షరాల్లో ఉంటుంది సార్. ఎవరూ చదవరు."

గ్లవ్స్ దొర నెమలి వైపు తిరిగాడు. "పెట్టెలు ఇక్కడే వదిలెయ్."

"నా గౌన్లన్నీ అందులోనే ఉన్నాయి."

"అక్కడ షాపులున్నాయి."

ఇంకో మాట అంటుందేమోనని భక్తుడు చూశాడు. ఆమె భుజాలు ఎగరేసి, నవ్వి, విమానం ఎక్కేసింది. పెట్టెల బండి వెనక్కి వెళ్ళిపోయింది. ట్యాంకులు నిండాయి.

కేబిన్‌లో ఎదురెదురు తోలు సీట్లు, మధ్యలో మడత బల్లలు. తల వంచకుండా నడవచ్చు. అందరూ కూర్చున్నాక భక్తుడు నెమలి పక్కన వంగాడు.

"కిటికీ తెర దించమంటారా అమ్మా?"

ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "దించెయ్" అంది.

భక్తుడు తెర దించాడు. ఒక్కసారిగా ఒంటరివాడైపోయాడు. వెనక్కి వెళ్ళి స్టీవార్డ్ సీట్లో బెల్టు పెట్టుకున్నాడు. ఇంజిన్ల మోత పెరిగింది. అలవాటు ఊరుకోదు కదా, కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి.

కళ్ళు తెరిచేసరికి ఎదురు సీట్లోంచి బావ తననే చూస్తున్నాడు.

స్కూటర్ స్టార్ట్ చేసేముందు తనిలా కళ్ళు మూసుకుంటే, "నీ బండి కిక్కు కొట్టడానికి కూడా దేవుడు దిగిరావాలా?" అని ఎన్నిసార్లు వెక్కిరించాడో బావ. మీసం తీసేశాడు, జుట్టు మార్చాడు, నడక మార్చాడు. ఇది మార్చడం మర్చిపోయాడు. బావ నోట్లో మాట దాగదు. ఇప్పుడు 'ఒరేయ్, నువ్వా?' అన్నాడంటే అంతా అయిపోయినట్టే.

బావ నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన ఓరకంట బాడీగార్డ్‌ని చూడడం అప్పుడు గమనించాడు భక్తుడు. ఫోన్ లాక్కున్నప్పుడో, పాస్‌పోర్ట్ తిరిగి ఇవ్వనప్పుడో, ఇది సన్మానం కాదని ఆయనకీ అర్థమైనట్టుంది.

విమానం మబ్బుల పైకి వెళ్ళి నిలకడగా ఎగురుతోంది. కింద సముద్రం. దీవి ఇంకా ముందుంది. దానిమీద నుంచి సాఫీగా దాటిపోతారు. ఆ తర్వాత జేబులో పెన్ను తప్ప ఏమీ లేదు.

భక్తుడు గ్లాసులో నీళ్ళు తీసుకుని బావ దగ్గరికి వెళ్ళాడు. బాడీగార్డ్ కాళ్ళు అడ్డంగా చాపుకుని వింటున్నాడు.

"పైన ఎగిరేటప్పుడు కొందరికి చెవి పోటు వస్తుంది సార్. మీకేం ఇబ్బంది లేదు కదా? మా అక్కయ్యగారి ఆయనకైతే మహా ఇబ్బంది. తుమ్మితే ఇల్లంతా లేచి కూర్చోవాలి. అలాంటివాళ్ళుంటే కెప్టెన్ విమానాన్ని బాగా కిందికి దించుతాడు. కింద ఎగిరితే లోపల గాలి నేల మీద ఉన్నట్టే ఉంటుంది. కాకపోతే ఫ్యూయల్ మంచినీళ్ళలా తాగేస్తుంది సార్, దారిలో ఎక్కడో ఒకచోట దిగి నింపుకోవాల్సిందే."

"ఆ పెద్దమనిషి మీద నీకు అంత చులకనెందుకు?" అన్నాడు బావ, నీళ్ళు అందుకుంటూ. "నిజంగానే నొప్పేమో."

"అయ్యుండొచ్చు సార్. ఆయన మాట మేమెప్పుడూ నమ్మలేదు."

భక్తుడు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. గడియారం చూసుకోవాలనిపించలేదు. బావ నీళ్ళు తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. టై సర్దుకున్నాడు. ఇక అర్థం కాలేదేమో అనుకునేంతలో, "అబ్బా" అన్నాడు.

చిన్నగానే మొదలైంది. తర్వాత చెవి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఊపిరాడడం లేదన్నాడు. సీట్లోంచి జారి రెండు సీట్ల మధ్య వెల్లకిలా పడ్డాడు. "నా బుర్రలో ఏదో చిట్లిపోతోందయ్యా" అని మూలిగాడు. ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి పరుగులు పెట్టించిన అనుభవం అంతా అందులో ఉంది. అబద్ధమని తెలిసిన భక్తుడికే ఒక క్షణం భయం వేసింది.

'బుర్ర' అన్న మాట గ్లవ్స్ దొరకి తగలాల్సిన చోట తగిలింది. ఇంత కష్టపడి తీసుకెళ్తున్నది ఆ బుర్ర కోసమే.

కెప్టెన్ తలుపు తీసుకుని వచ్చి చూశాడు. "కిందికి దించుతాను. కాకపోతే ఇక నాన్‌స్టాప్ కుదరదు. దీవిలో దిగాల్సిందే."

"దిగడానికి వీల్లేదు."

"మీరు విమానం అద్దెకి తీసుకున్నారు సార్, సముద్రాన్ని కాదు. ట్యాంకు ఖాళీ అయితే ఎవరి మాటా వినదు."

కింద పడుకున్న బావ ఇంకో మూలుగు మూలిగాడు. గ్లవ్స్ దొర పళ్ళు కొరికాడు. "దిగు. ఫ్యూయల్ నింపాక వెంటనే బయల్దేరాలి. తలుపు తెరవడానికి వీల్లేదు."

విమానం మబ్బుల్లోకి దిగింది. బావని సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. భక్తుడు కోటు మీద గుండీ నొక్కాడు. అందులోని చిన్న ట్రాన్స్‌మిటర్ దీవిలో ఉన్న పెద్దాయనకి కబురు పంపింది. దేవుడా, చక్రాలు నేలకి తగిలేదాకా చాలు, ఆపైన నేను చూసుకుంటాను, అనుకున్నాడు. మరుక్షణమే, బేరాలాడుతున్నానా అని సిగ్గేసింది.

చక్రాలు బయటికొచ్చిన చప్పుడైంది. నీలిరంగు నీళ్ళు, తెల్లటి ఇసక, రన్‌వే కనిపించాయి. ఇంతసేపూ అద్భుతంగా నటించిన బావ అప్పుడే తప్పు చేశాడు. ఆనందం పట్టలేక చెవి వదిలేసి, కిటికీకి ముఖం ఆనించి కిందికి చూశాడు.

"చెవి తగ్గిందా ప్రొఫెసర్?" అన్నాడు గ్లవ్స్ దొర, చాలా మెత్తగా.

బావ గబుక్కున చెవి పట్టుకున్నాడు. కంగారులో రెండో చెవి పట్టుకున్నాడు.

గ్లవ్స్ దొర స్టీవార్డ్ వైపు చూశాడు, రన్‌వే పక్కన బారులు తీరిన వాహనాల వైపు చూశాడు. అంతా అర్థమైంది. పక్కనున్న నెమలితో, "మనకి దక్కనివాడు వాళ్ళకీ దక్కకూడదు. ఆ విషం పిన్ను తియ్" అన్నాడు.

సరిగ్గా పెద్దాయన ఆజ్ఞే. ఎదటివాడి నోట వింటే ఎంత అసహ్యంగా ఉందో.

భక్తుడు బెల్టు విప్పకుండానే పెన్ను లాగి క్యాప్ తిప్పాడు. బెల్టు విప్పి లేచిన బాడీగార్డ్ అతని మణికట్టు దొరకబుచ్చుకుని మెలిపెట్టాడు. పెన్ను జారి సీట్ల కిందికి దొర్లిపోయింది. నెమలి జుట్టు వీపు మీద పడింది. ఆమె చేతిలో వెండి పిన్ను. బావ మెడకి జానెడు దూరం.

ఇంక చేతిలో మిగిలింది ఒక్క వాక్యమే.

"అమ్మా, కిటికీ తెర దించమంటారా?"

బాడీగార్డ్ వీడికి పిచ్చెక్కిందనుకున్నాడు.

నెమలి తిరిగి చూసింది. "వద్దు" అంది. "మబ్బులు చూడాలి."

పిన్ను తెల్ల గ్లవ్ మీంచి అరచేతిలోకి దిగింది. గ్లవ్స్ దొర ఏదో అనబోయి, సీట్లో పక్కకి ఒరిగిపోయాడు. అదే క్షణంలో చక్రాలు నేలకి తగిలాయి. కెప్టెన్ గట్టిగా బ్రేకులు వేశాడు. బెల్టు ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. నిలబడ్డ బాడీగార్డ్ మాత్రం నడవా పొడుగునా వెళ్ళి కాక్‌పిట్ తలుపుకి కరుచుకున్నాడు.

విమానం ఆగింది. తలుపు అవతల పెద్దాయన మనుషుల బూట్ల చప్పుడు.

"ఎక్కినప్పుడే ఆ మాట అనొచ్చు కదమ్మా" అన్నాడు భక్తుడు, ఊపిరి కూడదీసుకుంటూ.

"అప్పటికి ఇంకా తేల్చుకోలేదు" అంది నెమలి, జుట్టు ముడి వేసుకుంటూ. "పెట్టెలు వదిలేయమన్నప్పుడు సగం తేలింది."

బావ వంగి, కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చిన నల్ల పెన్ను తీసుకోబోయాడు.

"ముట్టుకోకు" అని భక్తుడు కేక పెట్టాడు. జన్మలో మొదటిసారి బావని 'నువ్వు' అనేశాడు.

బావ చెయ్యి ఆగిపోయింది. పెన్ను వైపు చూశాడు, బావమరిది ముఖం చూశాడు. కోడ్‌లు విప్పే మనిషి. ఎక్కువసేపు పట్టలేదు.

"నాకోసం తెచ్చావా?"

భక్తుడు రుమాలుతో పెన్ను తీసి, క్యాప్ బిగించి, జేబులో పెట్టుకున్నాడు.

"నేను నాటకమాడకపోతే ఏం చేసేవాడివిరా?"

"తెలీదు బావా. ఆ దేవుడికి కూడా చెప్పలేదు."

బావ కొత్త సూటు దులుపుకుని లేచాడు. "ఇది మీ అక్కకి చెప్పను. నువ్వు ఫిల్టర్లు అమ్మడం లేదనీ చెప్పను. ఒక్కటే షరతు. ఇకమీదట నాకు ఎక్కడైనా నొప్పి అంటే ఇంట్లో ఎవ్వరూ నవ్వకూడదు. నువ్వు అసలే నవ్వకూడదు."

"ఒట్టు బావా."

విమానం మెట్లు దిగడం మొదలుపెట్టారో లేదో, బావకి మోకాలు పట్టేసింది. భక్తుడు నవ్వలేదు. కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, భుజం ఇచ్చాడు.