అరటేపు కొలతలు

మాస్టరు ఇల్లంటే ముందు గది కుట్టుషాపు, వెనక పడకగది, దాని వెనక వంటిల్లు, పెరట్లో కట్టెల కొట్టు. అంతే. అందులో ఒక్క వస్తువు వంకరగా ఉండటానికి వీల్లేదు. కత్తెర చోట కత్తెర, సుద్ద చోట సుద్ద. వచ్చినవాడెవడైనా కటింగ్ బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే, "అది బల్ల బాబూ, మీ అత్తగారిల్లు కాదు" అనేవాడు. నలభై రెండేళ్లుగా కుడుతున్నాడు. చదువంటారా, సంతకం దాకా, అంకెల దాకా. అయితేనేం? పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆయన ముందు చేతులు చాపి నిలబడాల్సిందే. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాల్సిందే.

అలాంటి మనిషిని రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక పిల్లి లేపుతోంది.

పిల్లి ఆయనది కాదు, బావమరిదిది. బావమరిది చనిపోయిన నాలుగో రోజున మాస్టరు భార్య తమ్ముడి గది ఖాళీ చేసి, ఒక బుట్టలో బూడిదరంగు పిల్లినీ, ఒక సంచిలో నీలం గుడ్డనీ, తెగిపోయిన టేపునీ పట్టుకొచ్చింది.

"ఇదెక్కడికి?" అన్నాడు మాస్టరు.

"ఎక్కడికేంటండీ? వాడికి నేను తప్ప ఎవరున్నారు? దీనికి వాడు తప్ప ఎవరున్నారు?"

"లెక్క బాగానే చెప్పావు. మధ్యలో నేనెవర్ని?"

"వాడు మీ దగ్గరే కదా పని నేర్చుకున్నాడు."

"నేర్చుకున్నాడా! నేర్చుకునుంటే ఈ గొడవెందుకే?"

బావమరిదికి మాస్టరు పెట్టిన పేరు అరటేపు. కొలిచే టేపు సగానికి తెగిపోతే కొత్తది కొనకుండా, ఆ ముప్ఫై అంగుళాల ముక్కతోనే లోకాన్ని కొలిచిన ఘనుడు. పైగా వాడి కొలతలు తలకిందులు. బుద్ధున్నవాడెవడైనా మెడ దగ్గర మొదలుపెట్టి చేతుల్ని చివర్న కొలుస్తాడు. అరటేపు మణికట్టు దగ్గర మొదలుపెట్టేవాడు. మణికట్టు, మోచెయ్యి, భుజం, ఛాతీ, ఆఖరికి మెడ. "కింద నుంచి పైకి వెళ్తే మనిషి తెలుస్తాడు బావా" అనేవాడు. "తెలియాల్సింది మనిషి కాదురా, చొక్కా" అని మాస్టరు పదకొండేళ్ల కిందట, షాపు నిండా జనం ఉండగా, వాడు కుట్టిన చొక్కా చేతులు రెండూ పీకి వాడి మొహాన కొట్టి గడప దాటించాడు.

గడప అవతల నిలబడి వాడన్నాడు: "నీకో చొక్కా కుడతాను బావా. నువ్వు వంక పెట్టలేనిది. అది నీకు తొడిగితేనే నా పని అయినట్టు."

"నువ్వు కుట్టింది నా ఒంటి మీద పడిందంటే అది శవమై ఉండాలి. పో."

ఆ తర్వాత మాటల్లేవు. వాడు పోయినప్పుడు కూడా మాస్టరు వెళ్లలేదు. ఆవేళ ఇస్త్రీ పని చాలా ఉందన్నాడు.

"ఈ నీలం గుడ్డ మీ చొక్కాకనే కొన్నాడటండీ" అంది భార్య.

"మిషను తుడవడానికి పనికొస్తుంది" అని దాన్ని బల్ల కిందకి తోశాడు. టేపుని ఆవిడ గోడమేకుకి తగిలించింది.

ఇక పిల్లి. నాలుగున్నర కాగానే, మాస్టరు కుడి మణికట్టు మీద మెత్తగా ఒక పాదం. ఆగుతుంది. తర్వాత మోచేతి మీద. తర్వాత భుజం. లేచి కూర్చుంటే మంచం దిగిపోతుంది. పాలు పోసినా తాగదు. పక్కనే పడుకున్న ఆవిడ జోలికి మాత్రం పోదు.

పక్కింటి టీచరమ్మకి మూడు పిల్లులు. ఆవిణ్ణీ అవి కోడి కంటే ముందే లేపుతాయట. అదేదో బిరుదు ఇచ్చినట్టు చెప్పుకునేది.

"అది ప్రేమండీ మాస్టారూ. మనం ఉన్నామో లేదో అని ముట్టుకుని చూసుకుంటాయి."

"ప్రేమా? గిన్నె ఖాళీ అయితే ప్రేమ, నిండితే నిద్ర. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని ఆలోచించినవాళ్ల గురించి విన్నాను గానీ, పిల్లి చేత గంట కొట్టించుకుని మురిసిపోయేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా."

ఆరో రోజున మాస్టరు కదలకుండా కళ్లు మూసుకుని పడుకున్నాడు, ఎందాకా పోతుందో చూద్దామని. మణికట్టు. మోచెయ్యి. కుడి భుజం. అక్కణ్ణుంచి మెడ వెనగ్గా ఎడమ భుజానికి. అక్కడ ఆగింది. తడబడింది. మళ్లీ కుడి భుజానికి వెళ్లి, మళ్లీ ఎడమ భుజానికి వచ్చింది. మళ్లీ ఆగింది.

చీకట్లో మాస్టరుకి నవ్వొచ్చింది. అరటేపు వరస! ముందు చేతులు, ఆఖరికి మెడ. పెంచినవాడి తెలివితక్కువతనం పిల్లికి కూడా అంటుకుందన్నమాట.

నవ్వాక ఎడమ భుజం సంగతి గుర్తొచ్చింది. నలభై రెండేళ్లు మిషను మీదికి ఒకే వైపు వంగి వంగి ఆయన ఎడమ భుజం అరంగుళం కిందకి దిగిపోయింది. ఆ సంగతి పెళ్లానిక్కూడా తెలీదు. తన చొక్కాలన్నీ తనే కుట్టుకుని, ఎడమ భుజం కింద పల్చగా దూది పెట్టుకుంటాడు. అందరి వంకలూ సరిచేసే మనిషికి వంక ఉందని లోకం అనుకోకూడదు కదా.

ఆ సాయంత్రమే పిల్లిని బుట్టలో పెట్టి, మూతేసి, మూత మీద పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టి, కట్టెల కొట్లో పడేశాడు.

"బయట చలండీ" అంది భార్య.

"దానికి పుట్టుకతోనే కోటు ఉంది. అదీ ఎవరూ కొలతలు తీసుకోకుండానే."

పొద్దున్నే మెలకువొచ్చింది. ఎవరూ లేపలేదు, దానంతటదే. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. కిటికీ బయట చీకటి ఇంకా పల్చబడలేదు. గదిలో ఏదో వాసన... తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఆనితే వచ్చే వాసన. గోడగడియారం చిన్నగా గొంతు సవరించుకుని అరగంట కొట్టింది.

కుడి మణికట్టు మీద మెత్తగా ఒకటి పడింది.

పాదం కాదు. బొచ్చు లేదు, గోళ్లు లేవు. రెండు వేళ్లు. టేపు కొసని పట్టుకున్నట్టు, బొటనవేలూ చూపుడువేలూ.

మోచెయ్యి... భుజం... మెడ వెనగ్గా ఎడమ భుజం. ఆగింది. తడబడింది.

"ఎవరది?" అన్నాడు మాస్టరు.

వేళ్లు లేచిపోయాయి.

దీపం వేసి పెరట్లోకి పరిగెత్తాడు. కొట్లో బుట్ట మూత మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టే ఉంది. మూత తీస్తే పిల్లి ముడుచుకుని నిద్రపోతోంది. ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసి, చూడదగ్గదేమీ లేనట్టు మళ్లీ మూసుకుంది.

తిరిగొచ్చి షాపుగదిలో దీపం వేశాడు. బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది. ఒక్క ముడత లేదు. దాని మీద సుద్దగీతలు. చేతులు, ముందు భాగం, వీపు, కాలరు, అన్నీ ఆయన కొలతలే.

భయపడాల్సిన సమయం. కానీ మాస్టరు కళ్లు ముందుగా ఎక్కడికి పోయాయంటే ఎడమ భుజం దగ్గరికి. కుడి దానికి సమానంగా గీసి ఉంది! అరంగుళం తప్పు. చెరిపి గీసి, చెరిపి గీసి, ఆ చోట గుడ్డంతా తెల్లగా అయిపోయింది.

"ఇన్ని రోజులు తడిమీ ఇదేనా నీ పని?" అన్నాడు పళ్లు కొరుకుతూ. "చచ్చాక కూడా నేర్చుకోలేదు కదరా!"

కొందరికి పాము కనిపిస్తే చెయ్యి కర్ర కోసం పోతుంది. మాస్టరుకి తప్పు కనిపిస్తే చెయ్యి సుద్ద కోసం పోతుంది. పాత గీత దులిపేశాడు. అరంగుళం కిందకి, ఒక్క ఊపులో, కొత్త గీత గీశాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఇప్పుడు సరిగ్గా ఉంది.

దీపం ఆర్పాక, తలుపు దగ్గర నిలబడిపోయాడు.

ఎవరికి దిద్దిపెట్టాను?

తెల్లారాక భార్యని అడిగాడు. "ఆ గుడ్డ బల్ల మీద నువ్వు పరిచావా?"

"నాకు సూదిలో దారమే ఎక్కదు. మీ బల్ల జోలికి నేనెందుకొస్తానండీ?"

గుడ్డని పొయ్యిలో పెట్టేస్తే పోయేది. కానీ గుడ్డముక్కకి భయపడ్డాడని రేపు తన మనసే తనని వెక్కిరిస్తుంది. మడిచి పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. పిల్లిని ఆవిడ లోపలికి తెచ్చుకుని కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుంది.

నాలుగున్నర అయింది. మణికట్టు చాపి ఉంచాడు, ఎదురుచూస్తున్నట్టు. ఏమీ లేదు. గడియారం నడుస్తోంది... కుళాయి కారుతోంది... ఏమీ లేదు. కొలతలు తీసుకునే పని అయిపోయినట్టుంది.

అప్పుడు ముందు గదిలో మిషను మొదలైంది.

పొడుగ్గా ఒక కుట్టు. ఆగింది. మళ్లీ పొడుగ్గా. అవి పక్కలు. చిన్నగా, ఆగి ఆగి, గుండ్రంగా... అది చెయ్యి అతుకుతున్న చప్పుడు. చీకట్లో పడుకుని చెప్పగలడు మాస్టరు. ముందు చేతులు. వాడి వరసే.

లేవాలనుకున్నాడు. చేతులు రాలేదు. ఒంటికి ఇంకా కుట్టని చేతుల్లా పక్కన పడి ఉన్నాయి.

"ఏమే..." అన్నాడు నెమ్మదిగా.

"ఊఁ."

"వినపడుతోందా?"

ఆవిడ నిద్రలోనే అటు తిరిగింది. "మీరే కదా కుడుతున్నారు... ఇంక చాలు, వచ్చి పడుకోండి."

పిల్లి తలెత్తి తలుపు వైపు చూసింది. తెలిసినవాళ్లని చూసినట్టు. మళ్లీ తల వాల్చుకుంది.

మిషను ఆగింది. కటుక్కుమని చిన్న చప్పుడు. దారాన్ని పంటితో తెంపిన చప్పుడు. ఆ అలవాటు మానరా అని మాస్టరు వాణ్ణి ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు.

తర్వాత అడుగులు. తొందర లేదు. తడిగుడ్డ వాసన. పడకగది తెర కదిలింది...

కళ్లు తెరిచేసరికి మొహం మీద ఎండ. ఎనిమిదయింది. నలభై రెండేళ్లలో మొదటిసారి.

భార్య గుమ్మం దగ్గర పీట వేసుకుని గుండీల డబ్బాలో రంగులు ఏరుతోంది. పిల్లి ఆవిడ ఒళ్లో నిద్రపోతోంది.

"రాత్రంతా మిషను తొక్కింది దీనికేనా?" అంది నవ్వుతూ. "మీరు కుట్టుకున్నవాటిలో ఇంత బాగా ఏదీ కుదర్లేదండీ. మా తమ్ముడి గుడ్డే కదూ?"

మాస్టరు వంగి చూసుకున్నాడు. నీలం చొక్కా. తలగడ కింద తాళంచెవి అలాగే ఉంది. అద్దం ముందుకి వెళ్లాడు. వంక కోసం వెతికాడు. కాలరు చూశాడు, చంకలు చూశాడు, వీపు తిప్పి చూశాడు. ఎడమ భుజం కింద దూది లేదు. అయినా ముడత లేదు. చర్మంలా పట్టింది. నలభై రెండేళ్లలో ఎవరి పనికీ దక్కని మాట ఆయన నోటి దాకా వచ్చి ఆగింది.

విప్పేద్దామని పై గుండీ పట్టుకున్నాడు. రాలేదు. రెండోది పట్టుకున్నాడు. రాలేదు. గుండీ కింద వేలు దూర్చి తడిమాడు.

కాజాలు లేవు. ఏడు గుండీలున్నాయి, ఒక్క కాజా కూడా కొయ్యలేదు. ముందు భాగం పైనుంచి కిందదాకా ఒకటే గుడ్డ.

"మర్చిపోయాడు వెధవ!" ఆయన మొహం వెలిగింది. "కాజాలు మర్చిపోయాడు! నేను చెప్పలేదూ..."

చెయ్యి మెడ దగ్గరికి పోయింది. కాలర్లో వేలు కూడా దూరనంత బిగువుంది. తల పట్టే దారి లేదు. మరి ఎలా తొడిగాడు? తొడిగినవాడికి కాజాలు కొయ్యడం రాదా? వచ్చు. విప్పాల్సిన చొక్కాకి కోస్తాడు.

గడప దగ్గర తను అన్న మాట, పదకొండేళ్ల కిందటిది, చెవిలో ఎవరో చెప్పినట్టు వినిపించింది: అది శవమై ఉండాలి.

"ఏంటండీ, అలా నిలబడిపోయారు?" అంది భార్య. పిల్లి ఆవిడ ఒళ్లో ఇంకా నిద్రపోతూనే ఉంది.

మాస్టరు కుడికాలి మడమ మీద మెత్తగా ఒకటి పడింది. రెండు వేళ్లు. కాసేపు ఆగాయి.

తర్వాత మోకాలు.