వంటవాడి మిట్ట మీద ఎడమ బూటు

నవ్వకండి. టూత్‌పేస్టు కూడా ఎలుగుబంటికి తిండేనా, దాన్నీ డబ్బాలో పెట్టి బిగించాలా అని ఇలా నవ్వినవాడే, వెండెల్ అని ఒకడు.

ఉత్తర కొండల్లో వంటవాడి మిట్ట అని ఒక చోటుంది. వెనకటికి కలప కూలీల వంటవాడొకడు అక్కడ మంచులో చిక్కి, ఆకలితో పోయాడట. ఈనాటికీ రాత్రిళ్ళు గుడారం గుడారం తిరిగి, పడుకున్నవాళ్ళ తలలు తడుముతాడని చెబుతారు.

అమెరికాను దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే కాలిబాట మీద, వెండెల్ మెక్సికో సరిహద్దు దగ్గర నడక మొదలుపెట్టి ఐదు నెలలైంది. కెనడా సరిహద్దు ఇంకా ఆరు రోజులు. మంచు పడేలోగా చేరాలి... అదొక్కటే ధ్యాస.

తోడు నడుస్తున్న లోరెట్టాకు డెబ్బై ఏళ్ళు. దారిలో అందరికీ ఆమె అమ్మమ్మే. ఆ సాయంత్రం ఇద్దరి తిండీ, సబ్బూ, పేస్టూ ఎలుగుబంటికి తెరవడం చేతకాని గట్టి డబ్బాల్లో బిగించి, గుడారాలకు వంద అంగల అవతల పెట్టి వచ్చింది.

"వాసనొచ్చేది ఇంకేమైనా మిగిలిందా?"

"లేదమ్మమ్మా. నా గడ్డం మీద ఒట్టు!"

"ఐదు నెలలుగా కడగని గడ్డం. అసలు దాన్నే ముందు డబ్బాలో పెట్టాలి."

వెండెల్ చెప్పింది అబద్ధం. రోజుకు పాతిక మైళ్ళు నడిచేవాడికి అర్ధరాత్రి ఆకలి ఆగదు. తేనె పొట్లం ఒకటి ఎడమ బూటులో దూర్చి, బూట్లు తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

అర్ధరాత్రి... ఎవరో నిట్టూర్చారు — చెవి పక్కనే.

గుడారం గుడ్డ లోపలికి ఒత్తుకుంది. గుడ్డ మీంచే ఏదో తల తడిమింది. మెల్లగా... మరోసారి...

"అమ్మమ్మా... వేళాకోళం వద్దు..."

పక్క గుడారంలోంచి ఆమె గురక వినిపిస్తోంది.

వెండెల్ గడ్డం దాకా దుప్పటి లాక్కున్నాడు. "వంటాయనా... పొట్లం ఇంకా విప్పలేదు... కావాలంటే నువ్వే తీసుకో..."

పర్రున గుడ్డ చిరిగింది. తలకింది బూటు ఒక్క గుంజుతో మాయమైంది. చిరుగులోంచి తొంగిచూస్తే — వెన్నెల్లో, బూటు నోట కరుచుకుని, తీరిగ్గా పోతోంది ఎలుగుబంటి!

తెల్లారి వెండెల్ తలదించుకుని అంతా ఒప్పుకున్నాడు. లోరెట్టా గోళ్ళ జాడలు చూసింది.

"తీసుకోమన్నావు. పాపం, మర్యాదగా తీసుకున్నాడు."

ఒక కాలికి బూటు, ఒక కాలికి రబ్బరు చెప్పు. కొత్త బూట్ల కోసం వెనక్కి, ఊరికి కుంటుకుంటూ చేరేసరికి ఆరు రోజులు. ఏడోరోజు మంచు దారి మూసేసింది.

ఒంటరిగా ముందుకు సాగిన లోరెట్టా ఆ ముందురోజే కెనడా సరిహద్దు స్తంభాన్ని ముద్దుపెట్టుకుంది. రెండున్నర వేల మైళ్ళు నడిచిన వెండెల్‌కు దక్కింది కుడి బూటు ఒక్కటే.