పన్నెండో పాస్‌వర్డ్

"కంప్యూటర్లో ఈ ఎర్ర హెచ్చరిక పేజీ వస్తే ఏం చేస్తారండీ?" అని కొత్తగా వచ్చిన ఆడిటరు అడగడం, "ఏముందమ్మా, కింద 'అయినా ముందుకెళ్ళు' అని ఉంటుంది, నొక్కేస్తాం. మావాడే నేర్పాడు" అని హెడ్ నర్సు గర్వంగా చెప్పడం, ఆ మావాడు వార్డులోకి అడుగుపెట్టడం ఒకేసారి జరిగాయి. అతను ఆస్పత్రి సిస్టమ్స్ ఇంజనీరు. హెడ్ నర్సు అతనికి స్వయానా మేనత్త.

ఆడిటరు ఇటు తిరిగింది. "రిపోర్టుల సర్వర్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ ఎవరిచ్చారు?"

"నేనే."

"మీ సర్వర్ మంచిదని మీరే సంతకం పెట్టుకున్నారా?"

"ఆస్పత్రి గోడ దాటని సర్వరండీ. బయటి సంస్థ సంతకం ఎందుకు? దారిలో ఎవరూ చదవలేరు, అంతా ఎన్‌క్రిప్టే."

"దారి బాగానే ఉంది. అవతల కూర్చున్నది మీ సర్వరో, ఇంకెవరో ఎలా తెలుస్తుంది?"

"ఆస్పత్రిలోని నలభై మెషీన్లలోనూ నా సర్టిఫికెట్ ఎక్కిస్తే ఎర్ర పేజీ రాదు. రెండు రోజుల పని. తీరిక దొరకలేదు."

"మీకు తీరిక లేక, హెచ్చరికని పట్టించుకోకపోవడం అందరికీ నేర్పారన్నమాట!"

అతనికి కోపం రావాల్సిందే గానీ, ఆమె నవ్వాపుకోవడానికి పడుతున్న అవస్థ చూశాక రాలేదు.

ఇది సోమవారం మాట. గురువారానికి ఇద్దరి మధ్యా కాఫీలు, మెసేజ్‌లు, రోజుకో వాదన. మధ్యలో అత్తయ్య ఊరుకుంటుందా? "మావాడు బంగారమమ్మా" అంది.

"ఇంట్లోవాళ్ళే చెబితే ఎలాగండీ? అదీ సొంత సంతకమే కదా" అంది ఆమె, ఓరగా అతన్ని చూస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె అతని గదికొచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"నిన్న సూపరింటెండెంటు గారి అనుమతితో ఒక పరీక్ష పెట్టాను. నా లాప్‌టాప్‌లో మీ సర్వర్‌లాంటి దొంగ పేజీ. ఎర్ర హెచ్చరిక వచ్చినా పన్నెండు మంది దాటేసి పాస్‌వర్డ్ కొట్టారు. పదకొండు మంది సిస్టర్లు ఒప్పుకున్నారు. పన్నెండో మనిషి ఎవరో కనుక్కోండి. నాలుగింటికి రిపోర్టిచ్చి వెళ్ళిపోతాను."

అతనికి కనుక్కోవడానికేముంది? నిన్న పొద్దున ఫోన్ చూసుకుంటూ అలవాటుగా నొక్కేసింది తనే. పైగా కొట్టింది సర్వర్ మొత్తానికి తాళంచెవిలాంటి పాస్‌వర్డ్.

ముందు ఆ పాస్‌వర్డ్ మార్చాడు. తర్వాత కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. కిటికీ తెరిచాడు, జల్లు కొడితే మూశాడు, మళ్ళీ తెరిచాడు. చెబితే ఉద్యోగం సంగతి అలా ఉంచి, ఆమె దృష్టిలో తను ఏమవుతాడు?

అప్పుడే గదిలోకి వచ్చిన అత్తయ్యకి సంగతి అర్థమైంది. "తెలీలేదని చెప్పెయ్‌రా. ఆ పిల్ల మంచి అభిప్రాయంతో వెళ్తుంది."

వెళ్తుంది. ఆ మాటే అతనికి నచ్చలేదు. అబద్ధం మీద నిలిచే మంచి అభిప్రాయం అతనికి అక్కర్లేదనిపించింది.

నాలుగు కావడానికి పది నిమిషాలుండగా వరండాలోకి పరుగెత్తాడు. ఆమె బ్యాగు సర్దుకుని వాన చూస్తోంది. చేతిలో రిపోర్టు. పన్నెండో గడి ఖాళీగా ఉంది. అతను పెన్ను తీసి అందులో 'సిస్టమ్స్ ఇంజనీరు' అని రాసి సంతకం పెట్టాడు.

"నేనే."

"నాకు నిన్ననే తెలుసు," అందామె. "అది మీ టేబుల్ మీది మెషీన్."

"మరెందుకు అడిగారు?"

"అత్తయ్యగారి సర్టిఫికెట్ ఒక్కటే చాల్లేదు. నాకై నేను చూసుకోవాలనిపించింది."

"చెప్పకపోయి ఉంటే?"

"నేనే రాసేసి, వాన తగ్గేదాకా కూడా ఆగకుండా వెళ్ళిపోయేదాన్ని."

అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇంకోటి కూడా ఉందండీ. ఆ ఎర్ర పేజీ ఎందుకు చూడలేదంటే, అప్పుడు మీ మెసేజ్ చదువుతున్నాను. 'కాఫీ తాగారా' అన్నది. అప్పటికది నాలుగోసారి చదవడం. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. రిపోర్టు బ్యాగులో పెట్టేసింది.

"నలభై మెషీన్లూ పూర్తయ్యాక ఫోన్ చెయ్యండి. మళ్ళీ తనిఖీకి వస్తాను. ఈసారి అమ్మతో. ఆవిడ నాకంటే గట్టి ఆడిటరు."

రెండు రోజుల పనిని అతను మర్నాడు మధ్యాహ్నానికే ముగించాడు. చెమట తుడుచుకోకుండానే ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"అప్పుడేనా? నిజంగా మీరేనా?"

"నేనే," అన్నాడు.