పదిహేడో గేటు తెర

“మూడోది, ఒక్క సెకను!” అంటూ డాక్టర్ సువర్చల స్టాప్‌వాచ్ నొక్కి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అప్పటికి విశాఖ అడుగున నలభై వాన సొరంగాలున్నాయి. వీధుల్లో చుక్క నీరు నిలవకుండా సముద్రంలోకి పోవాలని తవ్వినవి. సొరంగానికో గేటు, అది తెరిస్తే వాననీరు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. గేటు పక్కన రేకు పెట్టెలో అగ్గిపెట్టెంత లినక్స్ కంప్యూటరు, దానికో తెర. కొండ మీద కంట్రోల్ రూమ్‌లో కూర్చుని వాటిని ఏ దారిన అందుకుంటే మేలో తేల్చడానికే ఈ పరీక్ష.

దారులు మూడు. ఎస్సెస్‌హెచ్ అంటే బొమ్మలుండవు, అన్నీ అక్షరాలతోనే చెప్పాలి. ఒక్కటి తప్పు కొడితే పని చెడుతుంది. వీఎన్‌సీ అంటే అక్కడి తెరే ఇక్కడ కనిపిస్తుంది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడా కదులుతుంది. కాకపోతే వానలో నత్తనడక, తొమ్మిది సెకన్లు. ఇక ఆర్‌డీపీ ఉందే, అది అదే కంప్యూటర్లో మనకోసం వేరే తెర తెరుస్తుంది. అక్కడివాడి తెర వాడిది, మన తెర మనది. పని చకచకా!

“ఇప్పుడున్న రెండోదే ఉంచుదాం మేడమ్,” అన్నాడు ఆపరేటర్ గవరయ్య.

“ఎందుకండీ?”

సొరంగంలో ఫోన్ పలకదు. అందుకని గవరయ్య బావమరిది పైడిరాజు, పదిహేడో గేటు వలకు పట్టిన చెత్త తీయడానికి దిగేముందు, రేకు పెట్టె తెర మీద ‘లోపల ఉన్నాను’ అని పెద్దక్షరాలు కొడతాడు. పైకొచ్చాక చెరిపేస్తాడు. ఏ రూల్సులోనూ లేని ఏర్పాటు అది, బావా బావమరుదులు కుదుర్చుకున్నది. అంత చదివిన మనిషి ముందు ఈ మోటు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

“అలవాటైపోయింది మేడమ్.”

“అలవాట్లు మారతాయి లెండి,” అని ఆవిడ నవ్వి, గేట్లన్నిటికీ మూడోదే పెట్టించింది.

“ఇకమీదట నువ్వు రాసింది నాకు కనబడదు. ఫోన్ చేసి దిగు,” అని గవరయ్య పైడిరాజుకు చెప్పాడు.

“సేత్తాన్లే బావా. గడప దాటితే సెప్పిపోడానికి నువ్వేటి, నా పెళ్లానివా?”

పదిహేను రోజులు ఫోన్ చేశాడు. పదహారో రోజు పదకొండేళ్ల అలవాటు గెలిచింది. తెర మీద అక్షరాలు కొట్టేసి దిగిపోయాడు. మధ్యాహ్నం కుండపోత. ఫోన్ రాలేదు గనక లోపలెవరూ లేరనుకున్నాడు గవరయ్య. అతని తెర శుభ్రంగా ఉంది. పదిహేడో గేటు ఒక్క సెకనులో తెరుచుకుంది.

పైడిరాజు మర్నాడు సముద్రపు ఒడ్డున దొరికాడు.

“ఆరోజే ఎందుకు చెప్పలేదండీ?” అని, తెర మీది రాత సంగతి విన్నాక సువర్చల ఒక్క మాట అడిగింది. ఆవిడ నలభై గేట్లకూ మళ్లీ వీఎన్‌సీ పెట్టించి, తెర మీద ‘లోపల ఉన్నాను’ అని ఉంటే గేటు ముట్టరాదని రూలు రాయించింది.

సొరంగం పనివాళ్లు ఆ రూలు చదువుకున్నారు. దిగినా దిగకపోయినా ఆ మాట కొట్టి వదిలేయడం మొదలెట్టారు. ప్రాణభయం మరి, ఎవర్ని తప్పుపడతాం?

తుఫాను వచ్చిన రోజు నలభై తెరల మీదా అదే మాట. గవరయ్య ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. కొందరు ఇంట్లోంచి పలికితే ఆ గేట్లు తెరిచాడు. పదిహేడో సొరంగానికి కొత్తగా వచ్చిన మనిషి మాత్రం పలకలేదు. ఇంట్లో నిద్రపోతున్నాడో, లోపలే ఉన్నాడో.

ఇంతలో భార్య నరసమ్మ ఫోన్.

“ఏవండీ, నీళ్లు గుమ్మం దాటేసినాయి. మన పదిహేడో గేటు తీయరేటి?”

“పిల్లల్ని తీసుకుని డాబా ఎక్కు. పక్కింటి ముసలాయన్నీ ఎక్కించు.”

“గేటో?”

గవరయ్య మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

“లోపల ఉన్నానంటున్నాడే,” అన్నాడు.